లిథువేనియన్‌ని బతికించింది సంస్కృతం పోలిక కాదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. యూరప్‌లో ఓ మూల లిథువేనియా అనే చిన్న దేశం ఉందట, అక్కడి పల్లెల్లో రైతులు నేటికీ సంస్కృతం లాంటి భాషే మాట్లాడుకుంటారట. కింద ఒక పట్టిక. కొడుకుని మన సంస్కృతంలో సూనుః అంటే వాళ్లు సూనుస్ అంటారు. నిప్పు వాళ్లకి ఉగ్నిస్, పొగ దూమాయ్, గొర్రె అవిస్, తోడేలు విల్కాస్, మగవాడు వీరాస్, దేవుడు దియెవాస్. పట్టిక అయ్యాక నాలుగు దండాల బొమ్మలు. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, పరీక్ష హాలు దాటగానే రామశబ్దం మర్చిపోయిన మా తరం వాళ్లు కూడా ఆ పూటకి పాణిని వారసులైపోతారు.

పట్టిక అబద్ధం కాదు. ఆ మాటలన్నీ నిజంగానే ఒక వంశంవి. అంకెలు చూడండి: దు, త్రీస్, కెతురి, పెంకి, షెషి, సెప్తీని, అష్తువోని, దెవీని, దెషిమ్ట్. 'ఇస్తాను' అనడానికి వాళ్లు దువోసియు అంటారు, సంస్కృతంలో దాస్యామి. భవిష్యత్తుని చెప్పే ఆ సకారం రెండు చోట్లా ఒకటే. వాళ్లకో సామెత ఉంది: దియెవాస్ దావే దన్తిస్, దువోస్ ఇర్ దువోనోస్. దేవుడు పళ్లిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు అని. నారు పోసినవాడు నీరు పోయడా అని మనం అనుకోమూ, అదే ధైర్యం. ఇందులో దియెవాస్ పక్కన దేవః, దన్తిస్ పక్కన దంతః, దువోనా పక్కన వేయించిన ధాన్యమనే అర్థమున్న ధానాః పెట్టుకుంటే, సంస్కృతం వచ్చినవాడు అర్థం సగం ఊహించగలడు.

అయితే ఇందులో మనం మీసం మెలేయడానికి ఏముందో నాకు అర్థం కాదు. లిథువేనియన్ సంస్కృతం నుంచి పుట్టలేదు. ఆ రెండూ వేల ఏళ్ల కిందట ఒక మూలభాష నుంచి విడిపోయి, ఒకటి బాల్టిక్ సముద్రం వైపు, ఇంకొకటి సింధు నది వైపు చేరినవి. వేలువిడిచిన చుట్టరికం. పైగా మన తెలుగు ఆ వంశంలోనే లేదు. మనం 'అగ్ని' అంటున్నామంటే అది సంస్కృతం దగ్గర తెచ్చుకున్న మాట, మన సొంత మాట నిప్పు. లిథువేనియన్ వాళ్లు ఉగ్నిస్‌ని ఎవరి దగ్గరా తెచ్చుకోలేదు, అది వాళ్ల అమ్మమ్మల నోట్లోంచి వచ్చింది. తెలుగు సంస్కృతానికి బిడ్డ కాదని మద్రాసులో పనిచేసిన ఇంగ్లీషు అధికారి ఫ్రాన్సిస్ ఎల్లిస్ 1816లోనే చూపించాడు. రెండొందల ఏళ్లు దాటినా ఆ సంగతి మన ఫ్యామిలీ గ్రూపుల దాకా రాలేదు, లిథువేనియా రైతు మాత్రం వచ్చేశాడు.

అసలు నేను చెప్పదలుచుకున్నది వేరు. ఆ భాష ఇవాళ బతికి ఉండటానికి దాని పాతదనం కారణం కాదు. పాతదనమే కాపాడేదైతే దాని పక్కింటి భాష పోయుండేది కాదు.

ఆ పక్కింటి భాష పేరు ప్రష్యన్. జర్మనీ చరిత్రలో వినిపించే ప్రష్యా అన్న పేరు ఎవరిదనుకున్నారు? జర్మన్లది కాదు. ఇప్పుడు పోలండ్ ఈశాన్యం, రష్యా కాలినిన్‌గ్రాద్ ఉన్న తీరంలో బతికిన ఒక బాల్టిక్ జాతిది. పదమూడో శతాబ్దంలో ట్యుటానిక్ నైట్లు అనే జర్మన్ క్రైస్తవ యోధులు శిలువ పేరుతో దండెత్తి వాళ్లని జయించారు, నేలతో పాటు పేరు కూడా తీసేసుకున్నారు. ఆ భాషలో మిగిలినవి ఎనిమిది వందల మాటల పట్టిక ఒకటి, 1545లో రెండు, 1561లో ఒకటి అచ్చయిన మూడు క్రైస్తవ ప్రశ్నోత్తరాల పుస్తకాలు, కొన్ని చిల్లర ముక్కలు. 1709 నుంచి 1711 దాకా తూర్పు ప్రష్యాని ఊడ్చేసిన ప్లేగుతో ఆఖరి నోళ్లు కూడా మూతపడ్డాయి. గమనించాల్సిందేమిటంటే, ఆ భాష కొన్ని విషయాల్లో లిథువేనియన్ కంటే రెండాకులు ఎక్కువే చదివింది. సంస్కృతంలో ఉన్న నపుంసకలింగాన్ని లిథువేనియన్ నామవాచకాల్లో పోగొట్టుకుంది, ప్రష్యన్ నిలుపుకుంది. నిలుపుకుని ఏం లాభం?

లిథువేనియన్‌ని కదలని శిలాజంగా చూపించేవాళ్లు దాని క్రియాపదాన్ని ఒకసారి దగ్గరగా చూస్తే బావుంటుంది. దిర్బా అంటే 'పని చేస్తాడు'. 'పని చేస్తుంది' అన్నా అదే. 'పని చేస్తారు' అన్నా అదే. సంస్కృతం అక్కడ ఏకవచనం, ద్వివచనం, బహువచనం అని మూడు రూపాలు పెట్టుకుంటే లిథువేనియన్ ఒక్కదాంతో సరిపెట్టేసింది. ఇంకోపక్క పాత చుట్టాలెవరికీ లేని ఒక కాలాన్ని సొంతంగా తయారు చేసుకుంది: దిర్బ్‌దావో అంటే 'చేస్తూ ఉండేవాడు', గతంలో అలవాటుగా జరిగిన పని. మన 'ఉండేవాడు'కి సరిగ్గా అతికే రూపం. విభక్తులు ఏడున్నాయి నిజమే, సంబోధన కూడా కలిపి. కానీ మన పంచమి వాళ్ల షష్ఠిలో కలిసిపోయింది, సప్తమి రూపం కొత్తగా కట్టుకున్నది. మాట మీద స్వరం పైకీ కిందికీ వెళ్లే పాత ఉచ్చారణ ఇంకా ఉంది, వేదపాఠం విన్నవాళ్లకి ఇది ఆసక్తిగా అనిపిస్తుంది. మొత్తం మీద, ఇప్పుడు ఇళ్లల్లో మాట్లాడుతున్న ఆ వంశం భాషల్లో పాత లక్షణాలు ఎక్కువ మిగిలినవాటిలో లిథువేనియన్ ఒకటి. దానికి 'మారలేదు' అని పేరు పెట్టడం మాత్రం అన్యాయం.

పండితులకి ఆ భాష మీద మోజు పుట్టింది పంతొమ్మిదో శతాబ్దంలో. ఫ్రాంజ్ బాప్ 1833లో మొదలుపెట్టిన తులనాత్మక వ్యాకరణంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ పక్కన లిథువేనియన్‌కి కుర్చీ వేశాడు. ఆగస్ట్ ష్లైహర్ 1852లో ప్రష్యా వైపున్న లిథువేనియన్ పల్లెలకి వెళ్లి, రైతుల దగ్గర కూర్చుని నేర్చుకుని, తిరిగొచ్చి వ్యాకరణం రాశాడు. వీళ్లకంటే మూడొందల ఏళ్ల ముందు అక్కడి ప్రభువర్గానికి ఇంకో పిచ్చి ఉండేది. తమ పూర్వీకులు రోమ్ నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లనీ, తమ భాష చెడిపోయిన లాటిన్ అనీ చెప్పుకునేవారు. అప్పటి గొప్ప లాటిన్‌ది కాబట్టి లాటిన్ చుట్టరికం. ఏ కాలానికి ఏ చుట్టం గొప్పవాడైతే ఆ చుట్టాన్ని వెతుక్కోవడం మనకి మాత్రం తెలియనిదా?

తమాషా ఏమిటంటే, తమ భాష లాటిన్‌కి బంధువని మురిసిపోయిన ఆ ప్రభువులు ఆ భాషలో ఒక్క శాసనం కూడా రాయించలేదు. లిథువేనియా ఒకప్పుడు చిన్న దేశం కాదు. 1253లో మిందౌగాస్‌కి కిరీటం పెట్టారు. పదిహేనో శతాబ్దం మొదట్లో, వీతౌతాస్ ఏలుబడిలో, బాల్టిక్ నుంచి నల్ల సముద్రం దాకా పరుచుకున్న రాజ్యం అది. యూరప్‌లో అందరికంటే ఆఖరున, 1387లో, క్రైస్తవం తీసుకున్న రాజ్యం. అంత రాజ్యం నడిపిన కచేరీ భాష ఏది? తూర్పు స్లావ్ భాష, ఇప్పటి బెలారుసియన్‌కి, ఉక్రేనియన్‌కి పూర్వరూపం. 1529, 1566, 1588 నాటి మూడు ధర్మశాసనాలూ అందులోనే. విదేశీ రాజులకి ఉత్తరాలు లాటిన్‌లో. 1569లో పోలండ్‌తో ఒకే రాజ్యంగా కలిశాక జమీందార్లు ఒక్కొక్కరే పోలిష్‌కి మారిపోయారు, 1697కల్లా కచేరీ కాగితాలకీ పోలిష్ వచ్చేసింది. వీతౌతాస్ 1420లో జర్మనీ రాజు సిగిస్ముండ్‌కి రాసిన ఉత్తరంలో 'జెమైతియా అంటే మా భాషలో కింది నేల, ఔక్ష్తైతియా అంటే పై నేల, రెండు చోట్లా జనమొకటే భాషొకటే' అని వివరించాడు. చక్కగా వివరించాడు, లాటిన్‌లో.

కాబట్టి లిథువేనియన్ మిగిలింది దొరల పుణ్యాన కాదు. పొలం దున్నేవాడికి ఇంకో భాష నేర్పే అవసరం ఎవరికీ కలగలేదు, అందుకని మిగిలింది. దీన్ని 'భాషా పరిరక్షణ' అని ఎవరైనా పిలిస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాసింత చదువూ, కాసింత హోదా దొరికిన ప్రతి కుటుంబం ఆ భాషని వదిలేసింది. మిగిలినవాళ్లకి వదిలే అవకాశం రాలేదు.

అచ్చులో మొదటి పుస్తకం కూడా లిథువేనియాలో రాలేదు. పక్కనున్న ప్రష్యాలో, కోనిగ్స్‌బెర్గ్‌లో, 1547లో వచ్చింది. అక్కడి డ్యూక్ ఆల్‌బ్రెఖ్ట్ లూథర్ మతం తీసుకున్నాడు, ప్రతివాడికీ వాడి భాషలో మతం చెప్పాలన్నది ఆ మతం పట్టుదల. అందుకోసం మార్తీనాస్ మజ్వీదాస్‌ని పిలిపించాడు. చిన్న పుస్తకం: కాస్త అక్షరాభ్యాసం, ప్రశ్నోత్తరాలు, కొన్ని పాటలు. ముందు ఒక పద్యం, అందులో పుస్తకమే నోరు తెరిచి 'అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా, నన్ను తీసుకుని చదవండి' అని పిలుస్తుంది. ఆ పద్యంలో పాదాల మొదటి అక్షరాలు వరసగా చదువుకుంటే కవి పేరు బయటపడుతుంది. మన చిత్రకవులు చూస్తే శభాష్ అనేవారు. అదే పద్యంలో, ఇంట్లో కొలుచుకునే పాత దేవుళ్లని వదిలెయ్యండి అని పేరుపేరునా చెప్తాడు. వాళ్లలో ఒకడు జెమెపాతిస్, భూమికి పతి. ఆ పతి మన పతే. క్రైస్తవం వచ్చి నూట అరవై ఏళ్లయినా ఊళ్లో జనం ఇంకా భూపతికి మొక్కుతున్నారన్నమాట. ఆ పుస్తకం ప్రతులు ప్రపంచంలో ఇప్పుడు రెండే మిగిలాయి.

లిథువేనియా గడ్డ మీద పెద్ద పుస్తకం వేసినవాడు మికలోయుస్ దౌక్షా, 1599లో. దానికి రాసిన ముందుమాట ఆ భాష తరఫున వాదించిన గొప్ప రచనల్లో ఒకటి. జాతి నిలబడేది నేల సారంతోనూ కోటల బలంతోనూ కాదు, సొంత భాషని వాడుకోవడంతో అంటాడు. ఆ ముందుమాట రాసింది పోలిష్‌లో. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. ఎవరికి బుద్ధి చెప్పాలో వాళ్లు చదివే భాషలో రాశాడు, అంతే.

1795లో పోలండ్–లిథువేనియా రాజ్యాన్ని పొరుగు సామ్రాజ్యాలు పంచేసుకున్న మూడో పంపకంతో దేశంలో చాలా భాగం రష్యా జారు చేతికి పోయింది. 1830లో ఒక తిరుగుబాటు, 1863లో ఇంకొకటి. రెండోదాన్ని అణచడానికి వచ్చిన గవర్నర్ జనరల్ మిహాయిల్ మురావ్యోవ్ అందరికీ 'ఉరితీసే మురావ్యోవ్'గానే గుర్తు. అతని హయాంలో 1864లో మొదలై, తర్వాతి రెండేళ్లలో బిగిసిన నిషేధం ఇది: లిథువేనియన్‌ని లాటిన్ లిపిలో అచ్చు వేయకూడదు, తేకూడదు, అమ్మకూడదు. భాష మీద నిషేధం లేదు, లిపి మీద. లిథువేనియన్‌ని రష్యన్ అక్షరాల్లో రాసుకోండి అన్నారు, సర్కారే అలా పుస్తకాలు వేసి పంచింది. లెక్క తెలివైనదే. లిపి మారితే పిల్లాడు ముందు రష్యన్ బడికి అలవాటు పడతాడు, తర్వాత రష్యన్ ప్రార్థనకి, పోలండ్‌తో ముడి దానంతటదే తెగుతుంది. కానీ జనం ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. రైతుకి అక్షరాల మీద సిద్ధాంతాలేం లేవు. అతనికి ప్రార్థన పుస్తకం అంటే వాళ్లమ్మ చేతిలో చూసిన పుస్తకం. రష్యన్ అక్షరాల్లో ఉన్నది వాళ్ల దేవుడిది కాదు, జారు చర్చిది.

నలభై ఏళ్లు సాగింది ఆ నిషేధం, 1904 మే 7 దాకా. ఆ నలభై ఏళ్లలో జరిగిందే, నా దృష్టిలో, ఈ భాష అసలు కథ. సరిహద్దు దాటితే ప్రష్యా. అక్కడ నెమునాస్ నది ఒడ్డున టిల్జిట్ అనే ఊళ్లో, ఇప్పుడది రష్యా కింద సోవియెత్స్క్, లిథువేనియన్ పుస్తకాలు దర్జాగా అచ్చయ్యేవి. బిషప్ మొతియెయుస్ వలాంచ్యుస్ డబ్బు సమకూర్చి, పాదిరీలని కూర్చోబెట్టి, మొదటి రవాణా ఏర్పాట్లు నడిపాడు. తర్వాత రైతులే అందుకున్నారు. సరిహద్దులో ఒకటి కాదు, మూడు వరసల కాపలా. రాత్రిపూట, వానలో, మంచులో గోనెసంచులు మోసుకుని దాటేవారు. గడ్డిబండ్ల అడుగున, ఆడవాళ్ల పావడాల మడతల్లో పుస్తకాలు ఊళ్లు చేరేవి. వీళ్లని క్నీగ్‌నెషియాయ్ అంటారు, పుస్తకాలు మోసేవాళ్లు అని. పట్టుబడితే జరిమానా, జైలు, సైబీరియా. వీళ్లలో జుర్గిస్ బియెలినిస్ అనే రైతు ముప్పై ఏళ్లకి పైగా ఈ పనిలోనే ఉన్నాడు. ఆయన పుట్టిన మార్చి 16ని లిథువేనియాలో ఇప్పుడు పుస్తకాలు మోసినవాళ్ల రోజుగా జరుపుతారు. కౌనాస్‌లో మిలటరీ మ్యూజియం తోటలో సంచి వీపున వేసుకున్న మనిషి విగ్రహం ఉంది. స్మగ్లర్‌కి విగ్రహం పెట్టిన దేశం ఇంకోటి నాకు తెలియదు.

టిల్జిట్ అచ్చు పనివాళ్ల ఒక చమత్కారం నాకు చాలా ఇష్టం. చాలా పుస్తకాల మీద ముద్రించిన సంవత్సరం తప్పుగా వేసేవారు. నిషేధానికి ముందు విల్నియస్‌లో చట్టబద్ధంగా అచ్చయినట్టు, పాత తారీఖు, పాత ప్రెస్సు పేరు. తనిఖీకొచ్చిన జవాను పుస్తకం తిప్పి చూస్తే 1860ల మొదట్లోది, ఇంట్లో ఎప్పట్నుంచో ఉందని రైతు చెప్పుకోవచ్చు. గ్రంథాలయ పండితులు ఇప్పటికీ ఆ దొంగ తారీఖులతో తల పట్టుకుంటుంటారు.

ఇంతకీ ఆ సంచుల్లో ఏముండేవి? విప్లవ సాహిత్యం అనుకుంటాం. ఎక్కువ భాగం ప్రార్థన పుస్తకాలు, పంచాంగం లాంటి క్యాలెండర్లు, పిల్లల అక్షరాల పుస్తకాలు, తర్వాత్తర్వాత పత్రికలు. జనానికి అవసరమైనవి. బడి లేదు కాబట్టి ఇంట్లో తల్లే బడి. పెత్రాస్ రిమ్షా అనే శిల్పి 1906లో చేసిన బొమ్మలో తల్లి రాట్నం వడుకుతుంటుంది, పక్కన బిడ్డ పుస్తకం చదువుతుంటుంది. సంస్కృతం పోలికల పట్టికలు జర్మనీ విశ్వవిద్యాలయాల్లో తయారవుతున్న రోజుల్లోనే ఇది జరిగింది. ఆ పట్టికల కోసం సరిహద్దు దాటి లాఠీ దెబ్బలు తిన్నవాడెవడూ లేడు.

చదువుకున్నవాళ్లు తిరిగి రావడం ఆ తర్వాతి మాట. ఇక్కడ విన్‌ట్సాస్ కుదిర్కా గురించి చెప్పకుండా ముందుకు పోలేను. రైతు కొడుకు, 1858లో పుట్టాడు, పెద్ద చదువు కోసం టౌన్‌కి వచ్చి పోలిష్‌లో మునిగిపోయాడు. తనకి లిథువేనియన్ వచ్చని ఎవరికీ తెలియనిచ్చేవాడు కాదు. మోటు కోటు వేసుకుని, లిథువేనియన్ తప్ప ఇంకో ముక్క రాని తండ్రి బడికి వస్తే తోటి పిల్లల కంట పడకుండా చూసుకునేవాడు. ఇది ఆయనే రాసుకున్నాడు. పేరెంట్స్ మీటింగ్‌కి అమ్మా నాన్నా వస్తే మన దగ్గరా ఈ టెన్షన్ పడని పిల్లలున్నారా? 1883లో యోనాస్ బసనావిచ్యుస్ అనే డాక్టరు ప్రాగ్‌లో కూర్చుని సంపాదకత్వం చేస్తూ, ప్రష్యాలో అచ్చు వేయించి 'ఔష్ర' అనే పత్రిక మొదలుపెట్టాడు, ఔష్ర అంటే వేకువ. దాని మొదటి సంచిక చేతికొచ్చినప్పుడు కుదిర్కా బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. అప్పటికి వార్సాలో వైద్యం చదువుతున్నాడు. ఆ తర్వాత 'వర్పాస్' పత్రిక పెట్టి, క్షయతో నలభై ఏళ్లకే పోయేదాకా దాన్ని నడిపాడు. ఇప్పటి జాతీయ గీతం ఆయన రాసిందే, 1898లో ఆ పత్రికలోనే వచ్చింది.

బసనావిచ్యుస్, కుదిర్కా, వ్యాకరణం రాసిన యోనాస్ యబ్లోన్‌స్కిస్, ముగ్గురూ నెమునాస్‌కి నైరుతి వైపు ఒకే ప్రాంతం నుంచి వచ్చారు. అది కాకతాళీయం కాదు. ఆ ప్రాంతం నెపోలియన్ కాలంలో వార్సా డచీ కింద ఉండి, అక్కడ రైతుల వెట్టి 1807లోనే పోయింది. మిగతా లిథువేనియాలో 1861 దాకా ఉంది. రెండు తరాల ముందే స్వేచ్ఛ వచ్చిన రైతు రెండు తరాల ముందే కొడుకుని చదివించాడు. చదువుకున్న కొడుకులు తమ ఇంటి యాసలో రాశారు. ఇవాళ్టి ప్రామాణిక లిథువేనియన్ ఆ యాస పునాది మీదే లేచింది. కోస్తా జిల్లాల కాలవల కింద పండిన వరికీ, పుస్తకాల తెలుగుకీ సంబంధం ఏమిటో ఆలోచించిన వాళ్లకి నేను ఇంకేం విడమరచక్కర్లేదు.

యబ్లోన్‌స్కిస్ వ్యాకరణం 1901లో మారుపేరుతో టిల్జిట్‌లో అచ్చయింది. ఆయన బడి పంతులు, మన గిడుగు రామమూర్తి గారి కంటే మూడేళ్లు పెద్ద. ఇద్దరూ ప్రమాణాన్ని నోళ్లలో వెతికినవాళ్లే. తేడా ఏమిటంటే, గిడుగు వారికి ఎదురుగా వెయ్యేళ్ల గ్రంథాలున్నాయి, వాటితో పోట్లాడాలి. యబ్లోన్‌స్కిస్‌కి పోట్లాడటానికి ఎదురుగా చెప్పుకోదగ్గ గ్రంథాల గుట్ట లేదు. అందుకని ఆయన ఇంకో పని పెట్టుకున్నాడు, పోలిష్, రష్యన్ మాటల్ని ఏరి పారేయడం. వాటి స్థానంలో కొత్త మాటలు పుట్టించే పని పంతొమ్మిదో శతాబ్దం అంతా సాగింది. గడియారానికి లైక్‌రోదిస్, కాలాన్ని చూపించేది. వార్తాపత్రికకి లైక్‌రాష్టిస్, కాలపు రాత. లిపిలో కూడా అదే ఏరివేత. 'ష' శబ్దానికి 'ఔష్ర' పత్రిక తన పేరులోనే పోలిష్ పద్ధతిలో రెండక్షరాలు వాడేది. తర్వాతివాళ్లు అది పోలిష్‌లా కనిపిస్తోందని చెక్ భాష నుంచి నెత్తిన టోపీ ఉన్న ఒక అక్షరం తెచ్చుకున్నారు. మనం వేల ఏళ్ల పాతది అని మొక్కుతున్న భాష వేషం మొన్న మొన్న కుట్టించుకున్నది.

ఇక్కడి దాకా కథ ముచ్చటగానే ఉంది. విల్నియస్ దగ్గరకొస్తే ముచ్చట ఆగిపోతుంది. 1897 జనాభా లెక్కల్లో ఆ నగరంలో యూదులు నూటికి నలభై మంది, పోలిష్ మాట్లాడేవాళ్లు ముప్పై, రష్యన్ ఇరవై. లిథువేనియన్ మాట్లాడేవాళ్లు రెండు. నూటికి రెండు! 1918లో స్వతంత్రం ప్రకటించుకుని విల్నియస్ మా రాజధాని అన్నారు, 1920లో పోలండ్ దాన్ని ఆక్రమించుకుంది, 1939 దాకా కౌనాస్‌లో సంసారం చేశారు. యిడ్డిష్ భాషకి విల్నియస్ ప్రపంచంలోనే పెద్ద కేంద్రాల్లో ఒకటి, ఆ భాష పరిశోధన సంస్థ యీవో 1925లో అక్కడే మొదలైంది. 1941లో నాజీలొచ్చారు. ఊరి బయట పనేరియాయ్ అడవిలో గోతుల దగ్గర నిలబెట్టి కాల్చారు, స్థానికులు కొందరు తుపాకులు పట్టారు. లిథువేనియా యూదుల్లో నూటికి తొంభై మందికి పైగా పోయారు. యుద్ధం ముగిసే రోజుల్లో విల్నియస్ పోలిష్ కుటుంబాల్ని పోలండ్‌కి తరలించారు. అలా ఖాళీ అయిన నగరంలోకి పల్లెల నుంచి లిథువేనియన్ వచ్చింది. ఇవాళ ఆ వీధుల్లో వినిపించే భాష గెలుపు వెనక పుస్తకాలు మోసినవాళ్ల చెమట ఎంతుందో, ఇంకెవరివో ఖాళీ ఇళ్లూ అంతున్నాయి. ఆ భాషని ప్రేమించేవాళ్లు ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్తే నాకు మింగుడు పడదు.

సోవియట్ ఏలుబడిలో లిపి జోలికి ఎవరూ పోలేదు. నలభై ఏళ్ల అనుభవం సరిపోయిందేమో. బడుల్లో లిథువేనియన్ ఉండేది, ఇరవై సంపుటాల మహా నిఘంటువు 1941లో మొదలై 2002 దాకా వచ్చింది. కానీ డాక్టరేట్ థీసిస్ రష్యన్‌లో రాయాలి, పెద్ద ఉద్యోగాలకి రష్యన్ కావాలి. 1972 నుంచి 1989 దాకా అక్కడి కాథలిక్కులు ఒక రహస్య పత్రిక నడిపారు, టైపు మిషన్ మీద కార్బన్ పేపర్లు పెట్టి కొట్టి, చేతులు మార్చుకుంటూ, దేశం దాటిస్తూ, ఎనభై ఒక్క సంచికలు. తాతలు టిల్జిట్ నుంచి లోపలికి తెచ్చేవారు, మనవలు బయటికి పంపారు. 1989 నాటికి పక్కనున్న లాత్వియాలో లాత్వియన్లు నూటికి యాభై రెండుకి తగ్గిపోతే లిథువేనియాలో లిథువేనియన్లు ఎనభై దగ్గర నిలబడ్డారు. 1990 మార్చి 11న స్వతంత్రం. 2004 మేలో యూరోపియన్ యూనియన్‌లో చేరగానే, ముప్పై లక్షల మంది మాట్లాడే ఆ భాషకి జర్మన్, ఫ్రెంచ్ పక్కన అధికార హోదా వచ్చింది.

హోదా వచ్చాక ఏం చేశారన్నది నాకు కాస్త చికాకు. అక్కడ ప్రభుత్వ భాషా కమిషన్ ఉంది, తనిఖీకి భాషా ఇన్‌స్పెక్టర్లూ ఉన్నారు. టీవీలో, పత్రికల్లో, బోర్డుల మీద భాష సరిగా ఉందా లేదా చూస్తారు, జరిమానా వేసే అధికారం కూడా ఉంది. పెద్ద తప్పులు ఇవీ అని ఒక జాబితా చేశారు. తెలుగు బోర్డుల్లో ఒత్తులు మింగేసినప్పుడల్లా మనకీ అలాంటి ఇన్‌స్పెక్టరుంటే బావుణ్ణనిపిస్తుంది, ఒప్పుకుంటాను. అయితే ఆ ఆఫీసు రేపు నెల్లూరు మాటకీ కరీంనగర్ మాటకీ జరిమానా రాయడం మొదలుపెడితే ఎలా ఉంటుందో కూడా ఊహించుకోవాలి.

అన్నిటికంటే పెద్ద గొడవ డబ్ల్యూ, క్యూ, ఎక్స్ అక్షరాల మీద. లిథువేనియన్ వర్ణమాలలో ముప్పై రెండక్షరాలు, ఈ మూడూ లేవు. దాంతో పాస్‌పోర్టుల్లోనూ పెళ్లి సర్టిఫికెట్లలోనూ ఆ అక్షరాలతో పేరు రాయడం కుదరదనేవారు. విదేశీయుణ్ణి పెళ్లాడిన అమ్మాయి భర్త ఇంటిపేరుని భర్త రాసినట్టు రాసుకోలేదు. విల్నియస్ చుట్టుపక్కల తరాలుగా ఉన్న పోలిష్ వాళ్లు తమ తాతల పేరు తాతలు రాసినట్టు రాసుకోలేరు. కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టు దాకా వెళ్లింది, 2011లో తీర్పొచ్చింది, అయినా తెగలేదు. భాష చెడిపోతుందన్నది వాదన. పాత లిథువేనియన్ పుస్తకాలు తెరిస్తే ఆ డబ్ల్యూ కనిపిస్తుంది, సరిహద్దు దాటించిన పుస్తకాల్లో కూడా ఉండేది. లాటిన్ అక్షరాల కోసం సైబీరియాకి వెళ్లినవాళ్ల మునిమనవలు, పక్కింటివాడి పేరులో ఒక లాటిన్ అక్షరం ఉండటానికి వీల్లేదని ముప్పై ఏళ్లు పార్లమెంటులో పట్టుబట్టారు.

చివరికి 2022 జనవరిలో చట్టం చేశారు, ఆ మే 1 నుంచి అమల్లోకొచ్చింది. మూడక్షరాలకీ అనుమతి దొరికింది, అది కూడా షరతుల మీద. కానీ పోలిష్ పేర్లలో అడ్డగీత ఉన్న ఎల్, నెత్తిన గీత ఉన్న ఎన్ ఆ చట్టంలో లేవు. కారణం, గుర్తులున్న పరాయి అక్షరాలు కుదరవట. సొంత వర్ణమాలలో మాత్రం చెక్ టోపీలు మూడున్నాయి.